పునాది కింద ఏముందో చెప్పండి

గుర్రంకొండ చుట్టుపక్కల పల్లెల్లో బోరు బండి పొలంలోకి వచ్చిందంటే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ పైకొచ్చే దుమ్మును రైతు చేతిలోకి తీసుకుని చూస్తాడు. ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా, తడి తగులుతోందా, ఎన్ని అడుగుల దగ్గర బండ మొదలైంది, ఎక్కడ రాడ్డు జర్రున జారింది, అన్నీ గుర్తుపెట్టుకుంటాడు. "ఏం పడతాండాదన్నా?" అని బండి మీదున్న మనిషిని పదేపదే అడుగుతాడు. టమోటా మీద తెచ్చిన అప్పు ఆ రంధ్రంలోకే పోతోంది. కాబట్టి కిందున్న ప్రతి అడుగూ ఆయనకు లెక్కే.

వందల కోట్లతో వంతెనలూ ఆనకట్టలూ సొరంగాలూ కట్టేవాళ్లు ఆ రైతు అడిగినంత గట్టిగా అడగడం లేదు. నా కడుపుమంట అదే. కింద ఏముందో సరిగ్గా చూడరు. చూసినవాడు రాసిచ్చినా చదవరు. చదివినా పని ఆపరు. కుంగాక, కూలాక, మనుషులు పోయాక కమిటీ వేస్తారు. ఆ కమిటీ రాసేది చాలాసార్లు ముందే ఎవరో ఒకరు చెప్పిన మాటే అయి ఉంటుంది.

మా సీమలో రాయికి కొదవ లేదు, ఇక్కడ పునాది గురించి భయమెందుకు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంజనీర్లు కూడా ఈ మాట అంటుంటే ఒళ్లు మండుతుంది. మా కొండలెక్కి చూడండి, ఇంటంతేసి గుండ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. అలాంటి గుండ్లే నేల లోపలా ఉంటాయి. నల్లరాయి బీటల వెంబడి నీరు దిగి వేల ఏళ్లు నానితే చుట్టూ ఉన్న రాయి మెత్తబడి గరుసు మట్టి అవుతుంది, నడిమి గట్టి భాగం గుండుగా మిగిలిపోతుంది. డ్రిల్లింగు మిషను దాన్ని తాకితే ఖంగుమంటుంది. "బండ తగిలింది సార్" అంటారు, అక్కడితో ఆపేస్తారు. కానీ దాని కింద మళ్లీ మెత్తటి మట్టే ఉండొచ్చు. అలాంటి గుండు మీద పైల్ నిలబెట్టి వంతెన బరువంతా మోపితే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. అందుకే బండ తగిలాక కూడా ఇంకొన్ని మీటర్లు కోసి, రాతి ముక్కను పైకి తీసి, ఎంత పొడవు కోస్తే ఎంత గట్టి ముక్క దక్కిందో కొలిచి చూడాలంటారు. అందుకే ఒకటి రెండు బోర్లతో సరిపెట్టకుండా ప్రతి పియరు (వంతెన కాలు) దగ్గరా చూడాలంటారు. దానికయ్యేది మొత్తం ఖర్చులో ఏ మూలకూ రాదు. అయినా అంచనా వేసేటప్పుడు కత్తిరించే మొదటి పద్దు అదే.

పైల్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఈ నిర్లక్ష్యం ఎంత భయంకరమో అర్థం కాదు. పైనేల బరువు మోయలేదనుకున్న చోట రిగ్గుతో భూమిలోకి ఇరవై, ముప్పై మీటర్లు రంధ్రం చేస్తారు. గోడలు లోపలికి కూలకుండా బెంటొనైట్ బురదనీటితో దాన్ని నింపి ఉంచుతారు. ఇనుప పంజరం దించుతారు. అడుగు దాకా గొట్టం దించి, అడుగు నుంచి పైకి కాంక్రీటు నింపుకుంటూ వస్తారు. బురదనీరు పైకి తోసుకుని బయటికి పోవాలి. ఆ గొట్టాన్ని తొందరపడి కాస్త ఎక్కువ పైకి లాగితే కాంక్రీటు నడుమ బురద చేరుతుంది. అడుగున పేరుకున్న మడ్డిని సరిగ్గా కడగకపోతే పైల్ రాతి మీద కాకుండా ఆ మడ్డి మీద కూర్చుంటుంది. కాంక్రీటు లారీ రెండు గంటలు ఆలస్యమైతే నడుమ అతుకు పడుతుంది. ఒక పక్క గోడ జారితే స్తంభం నడుము సన్నబడుతుంది. పైన క్యాప్ కట్టేశాక ఇవేవీ ఏ కంటికీ కనిపించవు.

పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. భారత ప్రమాణం 2911 ప్రకారం ముందుగా వేసి చూసే పైల్ మీద, అది మోయాల్సిన బరువుకు రెండున్నర రెట్లు మోపి చూడాలి. అసలు కట్టడంలో పనిచేసే పైల్స్ మీద ఒకటిన్నర రెట్లు మోపాలి. కానీ ఆ రెండో పరీక్ష నూటికి అర నుంచి రెండు పైల్స్‌కు చేస్తే చాలు. రెండు వందల పైల్స్ వేస్తే పరీక్షకు వచ్చేవి ఒకటి నుంచి నాలుగు. మిగతావన్నీ ఆ రాత్రి రిగ్గు దగ్గరున్న మనుషుల నిజాయితీ మీద ఆధారపడి ఉంటాయి. ఆ మనుషులెవరు? బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన ఆపరేటరు, హెల్పర్లు. చదువు ముగించి ఏడాదో రెండేళ్లో అయిన జూనియర్ ఇంజనీరు. అతని జీతం కాంట్రాక్టరు ఇస్తాడు, అతని ఉద్యోగం నెలకు ఎన్ని పైల్స్ పూర్తయ్యాయన్న లెక్క మీద నిలుస్తుంది. "ఈ పైల్ బాగోలేదు, మళ్లీ వేయాలి" అని ఆ పిల్లవాడు అర్ధరాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి? ఎత్తేదెవరు? ఎత్తినా విని ఏమంటారు?

మేడిగడ్డ సంగతి చూడండి. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో గోదావరి మీద 85 గేట్లతో కట్టిన బరాజ్. 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో 20వ పియరు కుంగింది, పైనున్న వంతెన వంగిపోయింది. ప్రారంభించి సరిగ్గా నాలుగేళ్ల నాలుగు నెలలు.

ఆ బరాజ్ ఇసుక మీద కట్టారు. అది మాత్రమే తప్పు అంటే నేను ఒప్పుకోను. కాటన్ దొర ధవళేశ్వరం కట్టిందీ ఇసుక మీదే. ఇసుక మీద కట్టేటప్పుడు అడుగున నీరు పారి ఇసుకను లాక్కుపోకుండా ఎగువనా దిగువనా భూమిలోకి అడ్డుగోడ దించాలి. మేడిగడ్డలో ఆ గోడను సీకెంట్ పైల్స్‌తో వేశారు. అంటే పక్కపక్కనే, ఒకదాని అంచును ఒకటి కోసుకుంటూ దించిన కాంక్రీటు స్తంభాల వరస. ఈ పనిలో ఉన్న గండం ఏమిటో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక పైల్ నిలువు నుంచి నూటికి ఒక పాలు ఒరిగితే పది మీటర్ల లోతులో పది సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పక్కనున్నది రెండోవైపు అంతే ఒరిగితే ఇరవై సెంటీమీటర్లు. పైనుంచి చూస్తే గోడ నిండుగా, చక్కగా ఉంటుంది. కింద మాత్రం సందు. ఆ సందులోంచి నీరు, నీటి వెంట ఇసుక.

జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ పంపిన కమిటీ వారంలోపే వచ్చి చూసింది. ప్రణాళికలో, డిజైనులో, నాణ్యత తనిఖీలో, నిర్వహణలో లోపాలు కలిసి ఈ పని చేశాయని నివేదిక రాసింది. రాఫ్టు (పునాది పలక) అడుగున ఇసుక కొట్టుకుపోవడం, నిర్మాణ లోపాల వల్ల ఎగువ సీకెంట్ పైల్స్ విఫలం కావడం, ఈ రెంటినీ కారణాల్లో చేర్చింది. తేలే కట్టడంగా డిజైను చేసినదాన్ని బిగించిన కట్టడంగా కట్టారని చెప్పింది. ఇవన్నీ చదివి బాధపడ్డాను. అయితే నన్ను రగిలించింది ఇంకో సంగతి. 2019లో నీళ్లు నిలిపిన తొలి ఏడాది నుంచే దిగువన సిమెంటు దిమ్మెలూ రాళ్ల పరుపూ చెదిరిపోతూ వచ్చాయి. వాటిని చూసుకోలేదు, సరిచేయలేదు. అడుగున ఏదో జరుగుతోందని వానాకాలం తర్వాత వానాకాలం నది కళ్లెదుటే చూపిస్తూ ఉంటే, లక్ష కోట్ల పథకానికి ముఖద్వారమైన కట్టడం దగ్గర చూసే నాథుడే లేకపోయాడు.

ఆ తర్వాత జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ వేశారు. 2025 జులై 31న నివేదిక వచ్చింది. అసెంబ్లీలో అర్ధరాత్రి దాటే దాకా వాదించుకున్నారు. దర్యాప్తు సీబీఐకి ఇస్తామన్నారు. ఎవరు దోషులో కోర్టులు తేలుస్తాయి, తేల్చనివ్వండి. నేనడిగేది ఒకటే. ఆ కాలంలో, ఆ దిమ్మెలు చెదిరినప్పుడు, కాగితం మీద ఒక్క హెచ్చరికైనా రాసిన ఇంజనీరు ఉంటే అతని కాగితం ఏ బల్ల సొరుగులో ఆగిపోయింది? రాసినవాడే లేడంటే, రాయడానికి భయపడేలా చేసిందెవరు?

పోలవరంలోనూ అంతే. నదీగర్భంలో ఇసుక పొరలను దాటి బండ దాకా దించిన డయాఫ్రం గోడను 2018 నాటికి కట్టారు. నీటిని పక్కకు మళ్లించి ఆ గోడను కాపాడాల్సిన కాఫర్ డ్యామ్ గండ్లు పూడలేదు. వరదలొచ్చాయి, గండ్లలోంచి విరుచుకుపడ్డాయి, పెద్ద అగాధాలు తవ్వాయి, గోడ దెబ్బతింది. 2025 జనవరిలో దాదాపు వెయ్యి కోట్లతో కొత్త గోడ మొదలుపెట్టారు. ముందు గోడ కట్టినవాళ్లది తప్పని ఒక పక్షం, కాపాడనివాళ్లది తప్పని ఇంకో పక్షం. గోడ ముందా కాఫర్ డ్యామ్ ముందా, మధ్యలో వరదొస్తే గోడ గతేమిటి అన్నది తొలిరోజే అడగాల్సిన ప్రశ్న. నిర్మాణ గండాలను అంచనా వేయడం అంటే ఇదే మరి. గోదావరికి వరద ఏ నెలలో వస్తుందో తెలియనివాడెవడైనా ఉన్నాడా ఈ రాష్ట్రంలో?

మా ఊళ్ల దగ్గరికొస్తాను. పాపాఘ్ని నంది కొండల్లో పుట్టి, మాకు పొరుగునున్న తంబళ్లపల్లె వైపు నుంచి వెలిగల్లు ప్రాజెక్టులోకి చేరి, కమలాపురం దగ్గర వంతెన దాటి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో ఇసుకే కనిపిస్తుంది. 2021 నవంబరు వానలకు వెలిగల్లు గేట్లెత్తారు. కమలాపురం వంతెన ముందు కుంగింది, తర్వాత కూలింది. కడప నుంచి తాడిపత్రి పోయే పెద్ద రోడ్డు తెగిపోయింది. ఎండిన నదిని చూసి నది చచ్చిపోయిందనుకునేవాళ్లకు తెలియాల్సింది ఒకటుంది. వరదలో నది పైకి పెరిగినట్టే కిందికీ తవ్వుకుంటుంది. పియరు చుట్టూ నీరు సుడి తిరుగుతూ ఇసుకను కోసేస్తుంది. వరద తగ్గుతూ మళ్లీ ఇసుకను తెచ్చి ఆ గుంతను పూడ్చేస్తుంది. మర్నాడు వెళ్లి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. పునాది ఎంత లోతుండాలో ఆ గుంత లోతును బట్టి లెక్కకట్టాలి, ఎండాకాలం కనిపించే ఇసుక మట్టాన్ని బట్టి కాదు. ఇక ట్రాక్టర్లూ జేసీబీలూ వంతెన కాళ్ల దగ్గర దాకా ఇసుక తవ్వుకుపోతుంటే ఆ లెక్కకు విలువేముంది? పగలూ రాత్రీ ఆ బండ్లు ఏ రోడ్డు మీద పోతున్నాయో చూడని అధికారి ఎవరు?

అదే 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీళ్లూ వచ్చిపడ్డాయి. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు. ముప్పై మందికి పైగా పోయారు. కార్తీకమాసం, నిద్రలేచే వేళ. ఐదు గేట్లలో ఒకటి అంతకు ముందు ఏడాది నివర్ తుపాను నాటి నుంచీ పనిచేయడం లేదు. ఏడాది! తుపాను వచ్చిపోయిన చోటికి మళ్లీ తుపాను వస్తుందని, ఒక గేటు లేచిరాకపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయని, మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే గంటల్లో కోసుకుపోతుందని నీటిపారుదల శాఖలో తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా ఏడాది పాటు ఆ గేటు అలాగే ఉంది. 2024 ఎన్నికల నాటికి కూడా ఆ కట్ట తిరిగి లేవలేదు.

భూమి లోపలికి దిగి పనిచేసేవాళ్ల సంగతి ఇంతకన్నా దారుణం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో, ద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీరూ మట్టీ రాళ్లూ కలిసి వచ్చి ఎనిమిది మందిని మింగేశాయి. పంజాబ్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్ నుంచి మన పొలాలకు నీళ్లివ్వడానికి వచ్చినవాళ్లు. రెండు నెలల దాకా సైన్యం, సింగరేణి కార్మికులు, ర్యాట్ మైనర్లు, కేరళ నుంచి తెచ్చిన కుక్కలు, అందరూ వెతికారు. రెండు మృతదేహాలు మాత్రమే బయటికి తేగలిగారు. ఆ సొరంగం మొదలైంది 2005 తర్వాత. అందులోకి నీటి ఊటలు రావడం కొత్త కాదు. హెలికాప్టరు నుంచి విద్యుదయస్కాంత పద్ధతిలో కొండ లోపలి పొరలను చూసే సర్వే మాత్రం ప్రమాదమయ్యాక, 2025 నవంబరులో మొదలుపెట్టారు. ఆ హెలికాప్టరు ముందే ఎందుకు ఎగరలేదు? హైదరాబాద్‌లోనే ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. ఉప్పల్ నుంచి దోమలపెంటకు దూరం ఎంత?

మన కూలీలు బయటి రాష్ట్రాల్లో పోయినా ఇదే కథ. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో, పోరూరు చెరువు దగ్గర, కడుతున్న పదకొండంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. అందులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి పోయినవాళ్లు ఎందరో. ఎవరి ఊళ్లో వాళ్ల శవాలు దిగాయి. దాని జంట భవనాన్ని 2016 నవంబరులో పేల్చి పడగొట్టారు. అంటే అదీ నిలబడేది కాదనే. కానీ కూలేలోపే రెండు భవనాల్లోనూ ఫ్లాట్లు అమ్ముకున్నారు. అనుమతి ఉన్న కట్టడమది. అనుమతి కాగితానికి విలువ ఇంతేనా?

ఇతర దేశాల్లో ప్రమాదాలు జరగవని కాదు. 2009 జూన్‌లో షాంఘైలో కొత్తగా కట్టిన పదమూడంతస్తుల భవనం నిలువునా పక్కకు పడిపోయింది. ఒక పక్క కారు గ్యారేజీ కోసం గొయ్యి తవ్వారు, ఆ మట్టిని తెచ్చి రెండో పక్క గుట్టగా పోశారు. ఆ ఒత్తిడికి అడుగునున్న పైల్స్ పుటుక్కున విరిగిపోయాయి. నిలువు బరువు మోయడానికి వేసిన పైల్ పక్క నుంచి తోస్తే నిలవదని ఆ మట్టి పోయించినవాడికి ఎవరూ చెప్పలేదు. 2004 ఏప్రిల్‌లో సింగపూర్‌లో మెట్రో కోసం తవ్విన లోతైన గొయ్యి కూలి నలుగురు పోయారు. గోడ ఎంత కదులుతోందో కొలిచే పరికరాలు ముందే హద్దు దాటినట్టు చూపించాయి. అప్పుడు పని ఆపకుండా హద్దునే పెంచారు. విచారణలో అది బయటపడ్డాక సింగపూర్ ఊరుకోలేదు. తవ్వకాల నిబంధనలను బిగించింది, 2006లో కొత్త కార్మిక భద్రతా చట్టం తెచ్చింది. నలుగురి ప్రాణాలకు ఒక దేశం చట్టాన్ని మార్చుకుంది. మనం మేడిగడ్డ తర్వాత, చెయ్యేరు తర్వాత, దోమలపెంట తర్వాత ఏం మార్చుకున్నాం?

రిస్క్ అసెస్‌మెంట్ అనే ఫైలు ఇప్పుడు ప్రతి పనికీ ఉంటోంది. పాత పనిదాన్ని తీసి, పేరు మార్చి, సంతకం పెట్టి, టెండరు పత్రాల్లో జతచేసే ఫైలు. ఎర్రనేలలో పని జరుగుతుంటే అందులో నల్లరేగడి గురించి రాసి ఉన్నా పట్టించుకునేవాడు ఉండడు. కూలీకి అది చూపించరు. రిగ్గు ఆపరేటరు భాషలో అది ఉండదు. రాత్రి పని ఆపి వెళ్లేటప్పుడు తవ్విన రంధ్రం మీద గట్టి మూత వేయాలన్న ఒక్క వాక్యం ఆ సైటు దాకా చేరదు. ఏ పైల్ దగ్గర ఏ పొర ఉండొచ్చు, అంచనా తప్పితే ఎవరు ఎవరికి చెప్పాలి, ఎంత కదిలితే పని ఆపాలి, ఆపే అధికారం ఎవరిది, ఆ నాలుగు మాటలు లేని ఫైలుకు లేబులు ఏదైనా ఒకటే, అది అబద్ధం. దాని మీద సంతకం పెట్టినవాళ్లు ప్రాణాల మీద సంతకం పెట్టినట్టే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇప్పుడు ఊరూరా లేఅవుట్లు వేస్తున్నారు. చెరువు కింద మడులు మట్టితో పూడ్చి ప్లాట్లు చేస్తున్నారు. పూడిక మీద మూడంతస్తులు లేపుతున్నారు. ఇల్లు కట్టుకునే అన్నలారా, అక్కలారా, గ్రానైట్ ఫ్లోరింగుకు పెట్టే డబ్బులో కొంచెం పక్కన పెట్టి మట్టి పరీక్ష చేయించండి. "ఇక్కడ రాయే సార్, అవసరం లేదు" అన్న మేస్త్రీ మాట వినొద్దు. మీ ఊరి వాగు మీద వంతెన పని మొదలైతే, బోరు పరీక్షల నివేదిక ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. గ్రామసభలో అడగండి, పదిమంది కలిసి అడగండి.

ప్రభుత్వాన్ని నేను అడిగేది మూడే మాటలు. ప్రజల డబ్బుతో కట్టే ప్రతి వంతెనకూ ఆనకట్టకూ సొరంగానికీ భూమి పొరల నివేదికను టెండరుకు ముందే బయటపెట్టండి. పని ఆపమన్న సైటు ఇంజనీరును బదిలీ చేయడం, తీసేయడం శిక్షార్హమైన నేరంగా చట్టం చేయండి. శంకుస్థాపన రాయి మీద మంత్రి పేరు చెక్కే చోటే, ఆ పునాదిని సరిచూశానని సంతకం పెట్టిన ఇంజనీరు పేరూ, కట్టిన కాంట్రాక్టరు పేరూ, తేదీతో సహా చెక్కించండి. కూలితే ఎవరిని అడగాలో పులపుత్తూరు మనిషికి కమిటీ రాకముందే తెలియాలి.